పాచిక చేతిలో ఉండగా రూలు మార్చొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే పేచీ: పుస్తకంలో ఒకటుంది, మా టేబుల్ దగ్గర ఇంకొకటి నడుస్తోంది, ఏది కరెక్టు? అందుకే మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి పెట్టి ఈ నెల మొత్తం దీనికే ఇస్తున్నాను. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని గేమ్ మాస్టర్ అనో డీఎం అనో అంటాం. మిగతావాళ్ళు తలా ఒక క్యారెక్టర్ ఆడతారు: కత్తి పట్టే ఫైటర్, గాయాలు మాన్పే క్లెరిక్, మంత్రాలు వేసే విజర్డ్, ఇలా రకరకాల క్లాసులు, అనుభవం పెరిగేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. తలపెట్టిన పని జరుగుతుందో లేదో తెలియనిచోట పాచిక వేస్తాం, ఎక్కువగా 20 ముఖాలది. రూల్‌బుక్ మూడొందల పేజీలు దాటి ఉంటుంది. అందులో లేనివి, ఉన్నా మనం మార్చుకున్నవి హౌస్ రూల్స్. ఉత్తరాలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడేవాళ్ళవే కాబట్టి ఉదాహరణలూ అందులోవే.

ప్రశ్న: మూడేళ్ళుగా ఒకే గ్రూపుతో ఆడుతున్నాను. నాది ఫైటర్, పదకొండో లెవెల్. పోయిన సెషన్‌లో కత్తి దెబ్బకి పాచిక వేస్తే 1 పడింది. తగల్లేదు, అంతేగా అనుకున్నాను. మా డీఎం మాత్రం "కత్తి జారి పక్కనున్న క్లెరిక్‌కి తగిలింది, డ్యామేజ్ పాచిక వెయ్యి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు ఇలాంటిది. క్లెరిక్ అప్పటికే బాగా దెబ్బలు తిని ఉంది, పడిపోయింది, ఆ ఫైట్‌లోనే చనిపోయింది. నేను పుస్తకం తీసి చూపించాను. "ఇది నా టేబుల్, నా రూలు" అన్నాడు. ఇప్పుడు సగం మంది వాడి వైపు, సగం మంది నా వైపు. క్లెరిక్ ఆడే అమ్మాయి ఎవరి వైపూ లేదు, రావడమే మానేసింది. న్యాయం ఎవరిది?

జవాబు: పుస్తకం అడిగితే ఇద్దరికీ చెరో ముక్క దొరుకుతుంది. దాడి పాచిక మీద 1 పడితే దెబ్బ తగలదు, అంతకుమించి ఇంకేమీ లేదు, అది మీ ముక్క. 2014లో డీఎంల కోసం వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో మొదట్లోనే, ఆట రూల్స్ చేతిలో లేదు, నడిపేవాడి చేతిలో ఉంది అన్న అర్థంలో ఒక మాట ఉంది, అది మీ డీఎం ముక్క. కాబట్టి పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా ఈ గొడవ తెగదు, ఇంకా ముదురుతుంది.

ముందు ఆ రూలు సంగతి చూద్దాం, ఎందుకంటే అది రూలుగా కూడా మంచిది కాదు. పాచిక మీద 1 పడే అవకాశం 5 శాతం. టర్న్‌కి ఒక్కసారి కొట్టేవాడికి అంతే. కానీ ఫైటర్ ఐదో లెవెల్లో రెండుసార్లు కొడతాడు, పదకొండులో మూడుసార్లు, ఇరవైలో నాలుగుసార్లు. మూడు దెబ్బల్లో కనీసం ఒకటి 1 పడే అవకాశం 14 శాతం పైమాటే, అంటే దాదాపు ఏడు టర్న్‌లకి ఒకసారి. నాలుగు దెబ్బలైతే 18 దాటుతుంది. కత్తి పట్టడం అప్పుడే నేర్చుకున్న కుర్రాడికన్నా యుద్ధాల్లో ఆరితేరినవాడు ఎక్కువసార్లు తనవాళ్ళనే నరుకుతాడన్నమాట! అదే మీ గ్రూపులో విజర్డ్ ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వేశాడనుకోండి, అతను దాడి పాచికే వెయ్యడు, తప్పించుకోవడానికి పాచిక వేసుకోవాల్సింది అవతలివాళ్ళు. అతని చేతిలోంచి ఎప్పుడూ ఏదీ జారదు. హౌస్ రూలు ఏదైనా పెట్టేముందు దీనికి బిల్లు కట్టేది ఎవరు అని ఒక్కసారి అడిగితే ఇలాంటివి సగం అక్కడే ఆగిపోతాయి. "1 పడితే ఏదో ఒకటి జరగాలి" అనుకున్నప్పుడు మీ డీఎంకి ఈ లెక్క తట్టి ఉండదు, సరదాగా ఉంటుందనే అనుకుని ఉంటాడు. అతని ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను.

నేను తప్పు పట్టేది అతను ఆ మాట ఎప్పుడు అన్నాడన్నది. క్లెరిక్ పక్కన నిలబడి కొడదామని మీరు అనుకున్నప్పుడు మీకు తెలిసిన రూలు ఒకటి. పాచిక దొర్లి ఆగాక అమలైన రూలు ఇంకొకటి. ముందే తెలిసుంటే రెండు గడులు పక్కకి జరిగి కొట్టేవారు, లేదా ఆ టర్న్‌కి కొట్టడం మానేసి ఆమెకి అడ్డంగా నిలబడేవారు. క్లెరిక్ ఆడే అమ్మాయి కూడా మీ పక్కన నిలబడాలని తానే ఎంచుకుంది కదా, అది క్షేమం అన్న నమ్మకంతోనే. ఈ ఆటలో మన చేతిలో ఉన్నది ఎంచుకోవడం ఒక్కటే, మిగతాదంతా పాచికది, డీఎంది. ఎంచుకున్నాక రూలు మారిస్తే ఆ ఒక్కటీ పోయినట్టే. చిన్నప్పుడు ఆటల్లో దీన్నే తొండి అనేవాళ్ళం, దానికి పెద్ద పేరు అక్కర్లేదు. పుస్తకంలో లేని రూలైనా సెషన్ మొదలుకాకముందు అందరికీ చెప్పి, అందరూ సరేనన్నాక పెడితే నా దృష్టిలో అది ఆ టేబుల్‌కి అచ్చులో ఉన్నదానితో సమానం. పుస్తకంలో ఉన్న రూలైనా సరే, ఇన్నాళ్ళూ పక్కన పెట్టి ఒకడి ప్రాణం మీదకి వచ్చినప్పుడు హఠాత్తుగా బయటికి తీస్తే అదీ తొండే.

ఇది నేను చేసిన తప్పే కాబట్టి ఇంత గట్టిగా రాస్తున్నాను. చాలా ఏళ్ళ కిందట నేను నడుపుతున్న కథలో విలన్ గదిలోకి వెళ్ళడానికి ఒక అమ్మాయి ప్లాన్ వేసుకొచ్చింది. ఆమె క్యారెక్టర్ జంతువుల రూపంలోకి మారగల డ్రూయిడ్, సాలీడుగా మారి గోడ పగుల్లోంచి దూరాలి, ఆ తర్వాత ఏం చెయ్యాలో ఒక కాగితం మీద పెన్సిల్‌తో నెంబర్లు వేసి రాసుకుంది. నేను దాన్ని అస్సలు ఊహించలేదు. నా ఫైట్ అంతా పాడైపోతుందన్న కంగారులో "ఈ గోడల దగ్గర మారిన రూపం నిలవదు" అనేశాను. ఆమె వాదించలేదు. కాగితాన్ని మధ్యకి మడిచి, ఇంకోసారి మడిచి, రూల్‌బుక్ కింద పెట్టేసింది. ఆ సాయంత్రమంతా "నేను కొడతాను" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె నా టేబుల్‌కి ప్లాన్ రాసుకుని రాలేదు. ఆ మడత నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

మీరు చెయ్యాల్సింది: ఎవరు ఎవరి వైపు అన్న లెక్క వదిలేసి ముందు ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యండి. ఈ గొడవంతా మీ ఇద్దరు మగాళ్ళ మధ్య నడిచింది, పోయింది ఆమె క్యారెక్టరు. ఆమెకి ఏం కావాలో అడగండి. తర్వాత డీఎంతో విడిగా మాట్లాడండి, పుస్తకం పట్టుకెళ్ళకుండా. "ఆ దెబ్బ తగల్లేదనుకుని ఆ రౌండ్ నుంచి మళ్ళీ ఆడదాం, ఈ రూలు కావాలో వద్దో వచ్చే సెషన్ ముందు అందరం కలిసి తేల్చుకుందాం" అనండి. జరిగిపోయిందాన్ని వెనక్కి తిప్పితే కథ పాడవుతుందని అంటారు కొందరు. మనుషులు లేచి వెళ్ళిపోయినదానికన్నా ఎక్కువ పాడవదు. అతనికి ఆ 1 సరదా అంతగా కావాలంటే టర్న్‌లో మొదటి దెబ్బకి మాత్రమే పెట్టుకోండి, అందులోనూ కాలు జారడం, డాలు వంగడం లాంటివి చాలు, పక్కవాడి ప్రాణం దాకా వెళ్ళకూడదు.

ప్రశ్న: నేను డీఎంని. మా గ్రూపులో ఒకాయన ప్రతి చిన్నదానికీ పుస్తకం తీస్తారు. ఆయన వయసులో పెద్ద, ఆఫీసులో కూడా నాకు సీనియర్, అన్నా అని పిలుస్తాను, గట్టిగా అనలేను. ఈమధ్య ఫోన్‌లో గేమ్ డిజైనర్లు ఎప్పుడో పెట్టిన పోస్టులు కూడా చూపించి ఇదే అఫీషియల్ అంటున్నారు. మూడు గంటల సెషన్‌లో గంట వాదనకే పోతోంది. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ పోస్టుల సంగతి ముందు తేలుద్దాం, అది సులువు. ప్రచురించేవాళ్ళే రూల్స్ సందేహాలకి జవాబులిచ్చే తమ సేజ్ అడ్వైస్ సంకలనంలో రాశారు: డిజైనర్లు బయట చెప్పే మాటలు సలహాలే, అఫీషియల్ తీర్పులు కావు. అన్నగారికి అఫీషియల్ అంటే అంత గౌరవం ఉంది కాబట్టి ఈ మాట ఆయనకి నచ్చాలి. అన్నట్టు ఆ సేజ్ అడ్వైస్ చాలా పాతది, 1979లో డ్రాగన్ పత్రికలో మన శీర్షికలాగే పాఠకుల ప్రశ్నలకి జవాబులుగా మొదలైంది.

ఇక అసలు విషయం. పుస్తకం పట్టుకున్నవాడి మీద చిరాకు పడటం తేలిక, కానీ ఒక్క సంగతి గమనించాక ఏం చెయ్యాలో నిర్ణయించుకోండి. ఆయన తన క్యారెక్టర్‌కి నష్టం వచ్చే రూలు కూడా గుర్తు చేస్తున్నారా? "ఆగు, నాకు ఆ స్పెల్ మీద కాన్‌సన్‌ట్రేషన్ ఉంది, దెబ్బ తగిలింది కాబట్టి నేను పాచిక వెయ్యాలి, నువ్వు మర్చిపోయావ్" అని (దెబ్బ తగిలితే ఏకాగ్రత చెదిరి మంత్రం ఆగిపోవచ్చు కదా) ఎప్పుడైనా అన్నారా? అంటే ఆయనకి ఆట సరిగ్గా జరగాలన్న తపన ఉంది, అలాంటివాళ్ళు దొరకడం అదృష్టం. నా టేబుల్ దగ్గర ఒకతను ఉండేవాడు, తన క్యారెక్టర్‌కి మూడు హిట్ పాయింట్లే (ఇంకా ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే లెక్క) మిగిలి ఉన్నా నేను మర్చిపోయిన విషం సంగతి తనే గుర్తు చేసి పాచిక తీసుకున్నాడు. ఆరోజు నుంచి రూలు విషయంలో అతను ఏం చెప్పినా నేను మారు మాట్లాడలేదు. అలా కాకుండా తనకి లాభం ఉన్నచోటే పుస్తకం తెరుచుకుంటోందంటే మాత్రం అది పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే బాపతు, దానికి మందు వేరు.

అఫీషియల్ రూల్స్ ఎందుకు అంత గట్టిగా తయారయ్యాయో కూడా తెలిస్తే మీ ఇద్దరికీ మాట్లాడుకోవడం సులువవుతుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ పేర్లతో వచ్చిన మొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడు చిన్న పుస్తకాలు. చివర్లో, మీ తరఫున ఊహించే పని కూడా మేమే చెయ్యాలా అన్న ధోరణిలో పాఠకులకే వదిలేశారు. మరుసటి ఏడాదే, 1975లో, ఆరిజిన్స్ అనే సమావేశంలో టూంబ్ ఆఫ్ హారర్స్ అనే డంజన్‌తో, అంటే ఉచ్చులు నిండిన సమాధితో, పోటీ పెట్టారు. పోటీ అన్నాక ఒక టేబుల్ దగ్గర గోతిలో పడితే చచ్చినట్టు, ఇంకో టేబుల్ దగ్గర బతికినట్టు అయితే ఎవరు బాగా ఆడారో ఎలా తేలుతుంది? 1977 నుంచి వరసగా వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాల నాటికి అదే గైగాక్స్ అన్ని చోట్లా ఒకేలా ఆడాలని వాదించడం మొదలుపెట్టారు. ఎక్కడివాళ్ళైనా కలిసి ఆడుకునేలా 2014లో మొదలైన అడ్వెంచరర్స్ లీగ్ కూడా అందుకే అచ్చు పుస్తకం మీద నడిచింది: ఇవాళ ఈ టేబుల్‌లో ఆడిన క్యారెక్టర్‌ని రేపు ముక్కూమొహం తెలియని డీఎం దగ్గరికి పట్టుకెళ్ళి ఆడాలంటే ఇద్దరికీ ఒకటే రూలు ఉండి తీరాలి. పుస్తకంలోని రూలు పరాయివాళ్ళ మధ్య నమ్మకం కోసం. మీ గ్రూపులో ఎవరూ పరాయివాళ్ళు కారు, ఒకరి మాట ఒకరికి చాలు. ఆట మారితే కూడా ఇది మారుతుంది సుమా: 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే వేరే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో గేమ్ మాస్టర్ ఎలా నడుచుకోవాలో కూడా రూలుగానే రాశారు, అక్కడ "నా టేబుల్, నా ఇష్టం" అనడం అంత సులువు కాదు.

మా టేబుల్ దగ్గర నడిచే పద్ధతి చెప్తాను. సందేహం వస్తే ఒక్క నిమిషం. దొరికితే సరే, దొరక్కపోతే డీఎం అప్పటికప్పుడు ఒకటి చెప్తారు, అది ఆ సెషన్ వరకే. ఒక నోట్‌బుక్‌లో ఆ సందేహాన్ని ఒక లైను రాసుకుంటాం. ఆట అయిపోయాక, ఇంకా అందరూ కూర్చుని ఉండగానే, పుస్తకం తీసి చూస్తాం, పుస్తకంలో ఉన్నది నచ్చితే అది, నచ్చకపోతే మనది, ఏదైనా పక్కన రాసేస్తాం, వచ్చేవారం నుంచి అదే. ఒక్కచోట మాత్రం నిమిషం లెక్క లేదు. ఎవరి క్యారెక్టరైనా చచ్చిపోయే పరిస్థితి ఉంటే ఎంతసేపైనా ఆగి చూస్తాం.

ఆ నోట్‌బుక్ అన్నగారి చేతికివ్వండి. అందరి ముందూ కాదు, సెషన్ లేని రోజు విడిగా కలిసి అడగండి: "అన్నా, రూల్స్ నీకు తెలిసినంత నాకు తెలియవు. ఆట మధ్యలో ఆగితే నాకు కథ తెగిపోతోంది, మళ్ళీ అందుకోలేకపోతున్నాను. నువ్వు రాసిపెట్టు, చివర్లో నువ్వే చదివి చెప్పు." పెద్దవాడి చేతిలోంచి పుస్తకం లాక్కుంటే ఆయనకి చిన్నతనం, పని అప్పజెబితే గౌరవం. ఇదేమీ బుజ్జగింపు కాదు, ఆ పని నిజంగా ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. అప్పటికీ మధ్యలో వాదిస్తే "రాసుకో అన్నా" అని ఒక్క మాట అని ముందుకెళ్ళిపోండి. రెండు మూడు సెషన్లు కష్టంగానే ఉంటుంది.

ప్రశ్న: మా గ్రూపులో బార్డ్, అంటే పాటలు పాడే మాటకారి క్యారెక్టర్, ఆడే అతను రాజుగారితో "నీ రాజ్యం నాకిచ్చెయ్" అని పాచిక వేశాడు, 20 పడింది. డీఎం కుదరదన్నాడు. 20 పడితే గెలిచినట్టే కదా?

జవాబు: కాదు. 20 పడితే ఏమైనా సరే తగులుతుంది అన్నది దాడి పాచికకి. చావుబతుకుల మధ్య వేసే పాచికకి 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో లేస్తారు. మాటలతో ఒప్పించడం, తాళం తియ్యడం లాంటివాటికి 20 పెద్ద నెంబరు, అంతే. చాలా టేబుళ్ళ దగ్గర వీటికి కూడా గెలుపే అని ఆడతారు, ఎంత ఎక్కువగా అంటే 2022లో కొత్త రూల్స్‌ని పరీక్షకి విడుదల చేసినప్పుడు దాన్ని అఫీషియల్ చేద్దామని ప్రయత్నించి, తర్వాత వదిలేశారు.

కానీ మీ డీఎంకి కూడా ఒక మాట. ఏం పడినా కాదనే ఉద్దేశం ఉంటే అసలు పాచిక వెయ్యనివ్వకూడదు. వెయ్యమన్నారంటే ఏదో అవకాశం ఉందని మాటిచ్చినట్టు. 20 పడ్డాక రాజ్యం ఇవ్వక్కర్లేదు, రాజుగారు గట్టిగా నవ్వి, ఆ ధైర్యం నచ్చి తల తియ్యకుండా వదిలేశారంటే చాలు, ఆ బార్డ్ ఏడాదిపాటు చెప్పుకుంటాడు.

ప్రశ్న: మా ఆరుగురిలో ముగ్గురి దగ్గర 2014 పుస్తకం, ముగ్గురి దగ్గర 2024 పుస్తకం. గాయాలు మాన్పే హీలింగ్ పోషన్ తాగడానికి పాతదాంట్లో యాక్షన్ మొత్తం, అంటే ఆ టర్న్‌లో చేసే ముఖ్యమైన పని, పోతుంది, కొత్తదాంట్లో దానితోపాటు చేసుకోగల చిన్న పని, బోనస్ యాక్షన్, చాలు. మేం మొదటి నుంచీ హౌస్ రూలుగా బోనస్ యాక్షన్‌కే ఆడుతున్నాం. ఇప్పుడు పాతపుస్తకం వాళ్ళు అది రూలు కాదంటున్నారు, కొత్తపుస్తకం వాళ్ళు ఇదే రూలంటున్నారు. ఏది అఫీషియల్?

జవాబు: రెండూ అఫీషియలే, ఏ పుస్తకానికి ఆ పుస్తకం. మీరు ఆడుతున్నది మాత్రం మారనే లేదు కదా, గొడవ ఎందుకు? నిన్న హౌస్ రూలు, ఇవాళ అచ్చులోకి వచ్చింది.

ఈ ఆట పెరిగిందే అలా. 1974 పుస్తకాల్లో ఏ ఆయుధానికైనా ఆరు ముఖాల పాచికే డ్యామేజ్, చిన్న బాకుకీ రెండు చేతులా పట్టే పెద్ద కత్తికీ తేడా లేదు. ఆయుధాన్ని బట్టి వేరే పాచిక అన్నది 1975లో గ్రేహాక్ అనే అనుబంధంతో వచ్చింది, దొంగ క్లాస్ కూడా అందులోనే అచ్చయింది. ఆ దొంగ ఆలోచన ఒక హాబీ దుకాణం దగ్గర ఆడుకునే గుంపు నుంచి గైగాక్స్ దాకా వెళ్ళింది. ఇంకా చిత్రం, 20 ముఖాల పాచికతో కొట్టే పద్ధతి మొదటి పుస్తకాల్లో ప్రత్యామ్నాయం మాత్రమే, అసలు పద్ధతి చైన్‌మెయిల్ అనే అంతకుముందు పుస్తకంలోది. అందరూ ప్రత్యామ్నాయమే ఆడారు, అదే ఆట అయిపోయింది. ఇవన్నీ తెలిశాక "అది రూలు కాదు" అని ఎవరైనా గట్టిగా అంటే నాకు కాస్త బాధగానే ఉంటుంది, ఎవరో ఒకరు అలా ఆడి చూడబట్టే కదా మన చేతికి ఈ పుస్తకం వచ్చింది.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. రెండు పుస్తకాల్లోంచి ఎవరికి లాభమైనది వాళ్ళు ఏరుకుంటే ఆట చెడుతుంది. ఒక పుస్తకాన్ని ఆధారంగా పెట్టుకుని, రెండోదాంట్లోంచి తీసుకున్నవి ఒక కాగితం మీద రాసి టేబుల్ మధ్యలో ఉంచండి. ఒక పేజీ దాటనివ్వకండి.

ప్రశ్న: మా తమ్ముడికి తొమ్మిదేళ్ళు, మాతో ఆడతాడు. పాచిక సరిగ్గా పడకపోతే మళ్ళీ వేస్తాడు. వద్దంటే ఏడుస్తాడు. ఆటలో అరటిపండు అని వదిలేద్దామంటే మిగతా పిల్లలు ఒప్పుకోవడం లేదు.

జవాబు: అరటిపండు చెయ్యకండి, తొమ్మిదేళ్ళవాడికి ఆ సంగతి ఇట్టే తెలిసిపోతుంది, దానికి ఇంకా ఎక్కువ ఏడుస్తాడు. అందరికీ తలా మూడు గవ్వలో గుండీలో ఇవ్వండి. ఒక గుండీ ఇస్తే ఒకసారి పాచిక మళ్ళీ వేసుకోవచ్చు, సెషన్‌కి మూడే. 2014 పుస్తకంలో లక్కీ అనే ఫీట్ (క్యారెక్టర్‌కి దొరికే ప్రత్యేక సామర్థ్యం) దాదాపు ఇలాంటిదే, మూడు పాయింట్లు ఉంటాయి, కాబట్టి మరీ లేనిది కల్పించినట్టు కూడా కాదు. రెండో వారానికి వాడు చివరి గుండీని దాచుకోవడం నేర్చుకుంటాడు. మూడూ అయిపోయాక ఏడిస్తే ఏడవనివ్వండి.

ప్రశ్న: ఇది ఎవరికీ చెప్పలేదు. మొన్న ఫైట్‌లో నా క్యారెక్టర్‌కి, రేంజర్‌కి, ఆరు హిట్ పాయింట్లే మిగిలాయి. కింద పడిన పెన్సిల్ తీసుకోవడానికి వంగి లేస్తుంటే డీఎం తన పాచికలు కనపడకుండా పెట్టుకునే స్క్రీన్ వెనకాల పాచిక కనిపించింది. 20. ఆయన మాత్రం "14, తగల్లేదు" అన్నారు. నన్ను కాపాడటానికే అని తెలుసు. ఆయన చాలా మంచివారు. కానీ అప్పటి నుంచి ఏదీ ఆనందంగా లేదు. ఈ ఏడాదిలో నేను గెలిచినవన్నీ నిజంగా గెలిచానా, ఆయన గెలిపించారా? మిగతావాళ్ళకి చెప్పాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీది చిన్న బాధ అని ఎవరైనా అంటే నమ్మకండి.

మీకు నచ్చకపోవచ్చు కానీ ముందు ఇది చెప్పాలి, పుస్తకం ఈసారి మీ డీఎం వైపే ఉంది. 2014 గైడ్‌లో స్క్రీన్ వెనకాల వేస్తే కావాలనుకున్నప్పుడు పాచికని మార్చి చెప్పుకోవచ్చని స్పష్టంగానే రాశారు. దురదృష్టం కొద్దీ క్యారెక్టర్ చచ్చిపోయేలా ఉంటే ఆ దెబ్బని తగ్గించవచ్చని, మరీ తరచుగా చెయ్యొద్దని, ఆడేవాళ్ళకి తెలియనివ్వొద్దని కూడా ఉంది. కాబట్టి ఆయన రూలు తప్పలేదు, మోసం చేశాననీ అనుకుని ఉండరు. నేను మాత్రం ఇక్కడ పుస్తకంతో ఏకీభవించను. తెలియనివ్వకూడదు అన్న షరతు మీద నిలబడే రూలు ఒక్కసారి తెలిసిపోతే వెనక్కి వెళ్ళి అన్నిటినీ తినేస్తుంది, మీకు జరిగింది అదే. ఆ ఒక్క 20 మారినందుకు కాదు మీ బాధ, ఏ పాచిక నిజమో ఇక మీకు తెలిసే దారి లేదనే.

క్యారెక్టర్లు చావకూడదనుకుంటే దానికి తిన్నని దారి ఉంది. "ఆడేవాళ్ళు సరేనంటే తప్ప ఈ కథలో ఎవరూ చావరు, ఓడిపోతే బందీ అవుతారు, కన్నో చెయ్యో పోతుంది, దాచుకున్నది పోతుంది" అని మొదటి రోజే చెప్పి ఆడటం. చాలామంది అలాగే ఆడతారు, చాలా బాగుంటుంది కూడా, ఎందుకంటే పాచికని మార్చాల్సిన అవసరమే రాదు. ఇంకో దారి, స్క్రీన్ తీసేసి అందరి ముందూ వెయ్యడం. నేను ఇదే చేస్తాను. మొదటిసారి అలా వేసిన సాయంత్రం నాకు ఎంతో ఇష్టమైన ఒక క్యారెక్టర్ పోయింది, పాచిక ఆగుతుంటే అందరం కుర్చీల్లోంచి లేచి నిలబడ్డాం, ఆ క్యారెక్టర్ ఆడిన అబ్బాయి తన షీట్ మీద చివరి లైను తన చేత్తోనే రాసుకున్నాడు. ఏడ్చాడు కూడా. కానీ అంతకుముందు ఆ క్యారెక్టర్ బయటపడిన ప్రతి గండం నిజమని వాడికి తెలుసు.

మిగతావాళ్ళకి చెప్పకండి, ఇప్పుడే వద్దు. వాళ్ళకి తెలిస్తే వాళ్ళ గెలుపులు కూడా మీవాటిలాగే అయిపోతాయి, అది ఆయన నోటి నుంచి రావాలో వద్దో ఆయనే నిర్ణయించుకోవాలి. ముందు ఆయనతో, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు మాట్లాడండి. "నేను ఆ 20 చూశాను సార్. నన్ను కాపాడినందుకు కోపం లేదు. కానీ ఇకనుంచి నా మీద వేసే పాచికలు నాకు కనపడేలా వెయ్యండి, నా రేంజర్ పోయినా సరే" అనండి. చివరి ముక్క అనడం కష్టం, అయినా వదిలెయ్యకండి, ఆయన మిమ్మల్ని నమ్మాలంటే అది కావాలి. పాత పాచికల్లో ఎన్ని మార్చారో మాత్రం అడగొద్దు, ఆయనకే గుర్తుండి ఉండదు. ఆయన ఒప్పుకుంటే వచ్చే సెషన్‌లో మొదటి దాడి మీ రేంజర్ మీదే రానివ్వమనండి. ఏం పడిందో నాకు రాయండి.